ఓటీ షెడ్యూలింగ్ మాడ్యూల్: బాగా వాడి చూశాక

బెంగళూరులో ఆరు ఆపరేషన్ థియేటర్లున్న (ఓటీ) ఆసుపత్రిలో, హెచ్ఐఎస్‌తో (ఆసుపత్రి పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) పాటు వచ్చిన ఓటీ షెడ్యూలింగ్ మాడ్యూల్ గురించి ఈ సమీక్ష. ఏ థియేటర్లో ఏ కేసు ఎప్పుడన్నది వేసేది ఇదే. మూడు థియేటర్లు దాటని చోట దీనికి డబ్బు దండగ. వైట్‌బోర్డూ, నోరున్న ఇన్‌ఛార్జ్ సిస్టరూ చాలు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది కేసు నిడివి అంచనా. సర్జన్‌ని అడిగితే ల్యాప్ కోలీకి (చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయం తీసే ఆపరేషన్) నలభై ఐదు నిమిషాలంటారు. అది కోత నుంచి కుట్టు దాకా లెక్క. మత్తివ్వడం, డ్రేపింగ్ (రోగి మీద స్టెరైల్ గుడ్డలు కప్పడం), రోగి తేరుకుని బయటికెళ్లడం కలిపితే గంటన్నర దాకా పోతుంది. మాడ్యూల్ ఒక్కో సర్జన్ పాత కేసుల నుంచి సగటు తీస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని మీడియన్‌కు (వరుసలో నడిమి విలువ) మార్చుకోండి, మధ్యలో పెద్ద కోత పెట్టి ఓపెన్‌ సర్జరీగా మార్చాల్సొచ్చిన ఒక్క కేసు సగటును ఎత్తేస్తుంది. ఇదంతా టైం ఎంట్రీ సరిగ్గా ఉంటేనే. సాయంత్రం ఒకేసారి కూర్చుని 9:00, 10:30 అని గుండ్రంగా నింపితే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. థియేటర్ గుమ్మం దగ్గరే ట్యాబ్ పెట్టాలి: రోగి లోపలికి, మత్తు, కోత, కుట్టు, బయటికి. ఐదు నొక్కులు, అంతే.

రెండోది బ్లాక్ రిలీజ్, అంటే ఒక విభాగానికి ముందే కేటాయించిన థియేటర్ సమయాన్ని వదిలేయడం. వాడని స్లాట్ గడువు దాటగానే దానంతటదే అందరికీ తెరుచుకుంటుంది. అందరికీ ఒకే గడువు పెడితే గొడవలే. మోకాలి మార్పిడి కేసులు ముందే ఖరారవుతాయి కాబట్టి ఏడు రోజుల ముందు, జనరల్ సర్జరీకి మూడు రోజుల ముందు, ట్రామాకు (ప్రమాద గాయాల కేసులు) ముందురోజు మధ్యాహ్నం దాకా సరిపోతుంది.

టర్నోవర్ (ఒక కేసుకూ తర్వాతి కేసుకూ మధ్య పట్టే సమయం) తగ్గిస్తామని వెండర్లు గొప్పగా చెబుతారు. ఉదయం 8 నుంచి 2 దాకా నాలుగు చిన్న కేసులనుకోండి, మధ్యలో మూడు విరామాలు. ఒక్కోదానికి పది నిమిషాలు మిగిల్చినా అరగంటే, అందులో ఇంకో ల్యాప్ కోలీ పట్టదు. మొదటి కేసు వేళకు మొదలైతే అదే పదివేలు. థియేటర్ వాడకం 80 శాతం దగ్గరుంటే చాలు. 90 దాటిస్తే సాయంత్రానికి ఓవర్‌టైం, ఆఖరి కేసు వాయిదా.

ఇక ఆటో సీక్వెన్స్‌ను, అంటే కేసుల వరుసను మాడ్యూలే వేయడాన్ని, నమ్మకండి. చీము పట్టిన కేసును మధ్యలో వేస్తుంది, షుగర్ రోగిని మధ్యాహ్నానికి తోస్తుంది. షుగర్ వాళ్లనీ పసిపిల్లల్నీ ముందు, ఇన్ఫెక్షన్ కేసుల్ని చివర, చేత్తోనే సర్దాలి.

ఎస్ఎంఎస్ టెంప్లేట్‌లో తెలుగు పెట్టుకునే వీలుంది, వదులుకోవద్దు. అనంతపురం, హిందూపురం నుంచి తెల్లవారుజామున బస్సు దిగేవాళ్లు ‘ఏమీ తినకండి’ అంటే ఇడ్లీ మానేస్తారు, కాఫీ తాగేస్తారు. పాలు కలిసిన కాఫీ తాగినా మత్తుకు ముందు ఆరు గంటలు ఆగాల్సిందే. కేసు కిందికి జారుతుంది, లేదా రద్దవుతుంది. ‘పాలు, కాఫీ, టీ కూడా వద్దు’ అని విడిగా రాయండి.

పెద్ద లోటు పరికరాల లెక్క. సీ-ఆర్మ్‌ని (ఆపరేషన్ మధ్యలో వాడే ఎక్స్-రే యంత్రం) రిసోర్స్‌గా నమోదు చేస్తే ఒకేసారి రెండు థియేటర్లకు వేయకుండా ఆపుతుంది. ల్యాప్ సెట్ల (ల్యాప్ కోలీ లాంటి కేసులకు వాడే పరికరాలు) విషయంలో అది పనిచేయదు. రెండు సెట్లతో మూడు కేసులు వేసినా ఒప్పేసుకుంటుంది. వాడిన సెట్‌ను కడిగి, ఆరబెట్టి, ప్యాక్ చేసి, ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పెట్టి, చల్లారాక ఇవ్వడానికి సీఎస్ఎస్‌డీకి (పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం) మూడు నాలుగు గంటలు కావాలి. 134 డిగ్రీల దగ్గర ఉంచేది కొద్ది నిమిషాలే కదా అనుకుంటే లిస్టు అక్కడే ఆగిపోతుంది. డెమోలో రెండు సెట్లకు మూడు కేసులు వేయించి చూడండి.