గెడ్డకి గేబియన్ కట్టు: గోడ గట్టిదే, అలుగు దగ్గరే పేచీ

పర్లాకిమిడి చుట్టుపక్కల గేబియన్ గోడలు (తీగ జాలి పెట్టెల్లో రాళ్లు నింపి పేర్చేవి) ఎవరు బాగా కడతారని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకని మా జీడితోట పక్క గెడ్డకి, అంటే కొండవాగుకి, అడ్డంగా చేయించిన పని గురించి రాస్తున్నా. కాంట్రాక్టర్ పేరు పెట్టను, ఇందులో తిట్లు కూడా ఉన్నాయి. ముందే చెప్పేస్తా: గోడకి వాళ్లని పిలవండి, అలుగు, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి, మాత్రం వాళ్ల ఇష్టానికి వదలకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి గజపతి జిల్లాలో కొండ జారి మనుషులు పోయారు, వంశధార పొంగింది, గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి మా గెడ్డ ఏటా ఒడ్డు కోసుకుంటూ తోట వైపే జరుగుతోంది. సిమెంటు గోడ అయితే అడుగున మట్టి కొట్టుకుపోగానే పగులుతుంది, గేబియన్ కాస్త కుంగినా విరగదు. గెడ్డ మన సొంతం కాదు కాబట్టి ముందు పంచాయతీలో, తహసీల్ ఆఫీసులో కాగితం పెట్టుకోండి, లేకపోతే అదో టెన్షన్.

సామాను విషయంలో వంక పెట్టలేను. పెట్టె 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు, మధ్యలో అడ్డజాలి. తీగ 2.7 మిల్లీమీటర్లు, అంచుల్లో 3.4. తీగని రెండు మెలికలు తిప్పి అల్లిన రకం, అంటే ఒకచోట తెగినా మిగతా అల్లిక ఊడిపోదు. ఈ జాలికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 16014 టెస్ట్ సర్టిఫికెట్ అడిగితే విసుక్కోకుండా చూపించారు. అన్నిటికన్నా నచ్చింది రాళ్లు పేర్చడం. జేసీబీతో గుమ్మరించి మూత బిగించేవాళ్లే ఎక్కువ, వీళ్లు మాత్రం బయటి వరుసంతా చేత్తో పేర్చారు, జాలి కన్నంలోంచి జారిపోయే చిన్న రాయిని పక్కన పడేశారు. కూలీలు సవర ఊళ్ల వాళ్లు, కొండవాలులో రాతికట్లు కట్టి మడులు చేసుకునే చేతులకి ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక పేచీ. గోడ పైభాగం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే మట్టంలో కట్టేశారు. "అలుగు ఏదీ మేస్త్రీ గారూ?" అంటే, "నీళ్లకి దారి వాటికే తెలుసు బాబూ" అన్నాడు. నా భయమూ అదే కదా!

నేను మస్కట్ వైపు కొన్నేళ్లు సైట్లలో పనిచేశాను. అక్కడి కొండలు చెట్టూ మన్నూ లేని ఉట్టి బండ, పడిన వాన ఇంకదు, పైన ఎక్కడో కురిస్తే కింద ఎండ కాస్తుండగానే వాదీలోకి (వాన పడితేనే పారే ఎండు వాగు) బండరాళ్లతో సహా వరద దూసుకొస్తుంది. 2007లో గోను తుపాను అక్కడ చేసిన నష్టం అంతా ఇంతా కాదు. అలాంటి చోట ముందు అడిగేది గోడ ఎత్తు కాదు, నిండాక నీళ్లు ఎటు పోతాయి, ఎక్కడ పడతాయి అని. ఆ ఒమన్‌లోనే ఖురయ్యాత్ దగ్గర వాదీ దైఖా డ్యాం 75 మీటర్ల ఎత్తు, నిండితే నీళ్లు కాంక్రీటు మీదుగానే పొర్లి కిందికి దిగుతాయి. జోర్డాన్‌లో పెట్రా అనే పాత రాతి నగరం దగ్గర, దాన్ని కట్టిన నబాతియన్లు రెండు వేల ఏళ్ల నాడే ఇరుకు లోయ ముందు అడ్డుకట్ట వేసి, వరదని సొరంగంలోంచి పక్క లోయలోకి మళ్లించారు. ఆ కట్ట పాడైపోయి ఉండగా 1963లో వరద వచ్చి ఆ ఇరుకులో ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు పోయారు, ఆ తర్వాతే మళ్లీ కట్టారు.

మన గెడ్డలో అంత ఉధృతి ఉండదు, కానీ సూత్రం అదే. మొదటి పెద్ద వానకే నీళ్లు గోడ మీదుగా పోకుండా ఎడమ ఒడ్డున మట్టిని తవ్వుకుని పక్కనుంచి పోయాయి. గోడకి ఏం కాలేదు, చెక్కుచెదరకుండా నిలబడి చూస్తూ ఉంది! గొడవపడితే వచ్చి మధ్యలో పైనున్న ఒక వరుస పెట్టెలు తీసేసి అలుగు చేశారు, రెండు చివర్లూ ఒడ్డులోకి బాగా లోపలికి చొప్పించారు, నీళ్లు దూకేచోట అడుగు తవ్వేయకుండా రాతి పరుపు వేశారు. రాళ్లు దొర్లే గెడ్డ కాబట్టి అలుగు మీద జాలి అరగకుండా సిమెంటు పూత కూడా వేయించాను. జాలి వెనకాల వడపోత గుడ్డ అక్కర్లేదని వాదిస్తారు, వినకండి, అది లేకపోతే వెనక మట్టి రాళ్ల సందుల్లోంచి మెల్లగా జారిపోయి గోడ వెనక గుల్ల అవుతుంది.

ఐదుకి మూడున్నర ఇస్తా. అలుగు వెడల్పు, లోతు, కింద పరుపు పొడవు కాగితం మీద గీయించి సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. బిల్లు పెట్టెల లెక్కన వేస్తారు, అలుగు కోసం తీసేసిన పెట్టెలకి కూడా వేశారు, అవి కొట్టేయించాను. ఫోన్ చేస్తే వెంటనే ఎత్తుతారు, వానాకాలంలో తప్ప.