మెల్లని దెబ్బ పలకకపోతే ఏది మార్చాలి: సెన్సిటివిటీయా, థ్రెషోల్డా, కర్వా?

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయించే స్నేహితులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "స్నేర్ మీద ఘోస్ట్ నోట్లు పలకట్లేదు. సెన్సిటివిటీ పెంచాలా, థ్రెషోల్డ్ తగ్గించాలా?" స్నేర్ అంటే కిట్‌లోని ప్రధాన డ్రమ్, ఘోస్ట్ నోట్లు అంటే గట్టి దెబ్బల మధ్య చాలా మెల్లగా తాకే దెబ్బలు. సెన్సిటివిటీ అంటే ప్యాడ్ మీద పడిన దెబ్బను ఎంత పెద్దదిగా లెక్కవేయాలన్న సెట్టింగ్. పోయిన నెల స్నేర్ ప్యాడ్‌కి కొత్త మెష్ హెడ్ (వల లాంటి పైపొర) బిగించాక నాకూ ఇదే ఎదురైంది. రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ మొదటినుంచి సెట్ చేసుకున్నాను. అప్పుడు నాకు గట్టిగా అనిపించింది ఇది: సెన్సిటివిటీని సెట్ చేయాల్సింది మెల్లని దెబ్బను చూసి కాదు, గట్టి దెబ్బను చూసి.

హెడ్ కింద ఉన్న పియెజో సెన్సర్ అదిరినప్పుడు పుట్టే వోల్టేజీని మాడ్యూల్ (సౌండ్ పుట్టించే పెట్టె) కొలిచి, 1 నుంచి 127 లోపు ఒక వెలాసిటీ అంకెగా, అంటే దెబ్బ బలాన్ని చెప్పే అంకెగా, మారుస్తుంది. 127 దాటి ఇంకేమీ లేదు. సెన్సిటివిటీ పెంచితే 15 దగ్గర ఉన్న ఘోస్ట్ నోటు 30కి వస్తుంది, నిజమే. కానీ దాంతోపాటే మామూలు బ్యాక్‌బీట్ (రెండో, నాలుగో బీట్ మీద పడే గట్టి స్నేర్ దెబ్బ) కూడా 127కి ఎక్కి కూర్చుంటుంది. ఆపైన ఎంత బలంగా కొట్టినా అదే అంకె. గట్టిగా ఒక రోల్ (వెంటవెంటనే పడే వరస దెబ్బలు) వాయిస్తే ప్రతి దెబ్బా అచ్చు గుద్దినట్టు ఒకేలా వినిపిస్తుంది. పైన అలా పోయిన తేడాను కర్వ్ (దెబ్బ బలం అంకెగా మారే తీరు) మార్చి తెచ్చుకోలేం. రెండు దెబ్బలూ 127 అయిపోయాక వాటిని విడదీయడానికి మాడ్యూల్ దగ్గర ఇంకేం మిగలదు.

నేను మొదటి ఏడాదంతా సెన్సిటివిటీ బాగా పెంచే వాయించాను. చిన్నగా తాకినా పెద్ద సౌండ్ వచ్చేది, చేతికి సుఖంగా ఉండేది. తర్వాత అకూస్టిక్ కిట్ (ఎలక్ట్రానిక్ కాని మామూలు డ్రమ్స్) ముందు కూర్చుంటే బ్యాక్‌బీట్‌లో బలం లేదు. ఘోస్ట్ నోటుకీ యాక్సెంటుకీ (ఒత్తి కొట్టే దెబ్బకీ) మధ్య ఉండాల్సిన దూరం నా మణికట్టుకి తెలియనే తెలియదు. అది సరిచేసుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఈ విషయంలో ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం అదే.

కాబట్టి ముందు హెడ్ టెన్షన్ అన్ని వైపులా సమానంగా ఉందో లేదో చూసుకోండి. తర్వాత పాటలో మీరు నిజంగా కొట్టే అత్యంత గట్టి దెబ్బను పదిసార్లు కొట్టి, స్క్రీన్ మీద మీటర్ చూడండి. లేదా కంప్యూటర్‌లో మిడి రికార్డ్ చేసి అంకెలు చూడండి. ప్రతిసారీ 127 వస్తుంటే సెన్సిటివిటీ తగ్గించండి. ఎక్కువ దెబ్బలు 115, 120 దగ్గర పడి, ఎప్పుడో ఒకటి పైకొసకి తగిలితే చాలు. సెన్సర్ మధ్యలో ఉన్న ప్యాడ్ అయితే సరిగ్గా నడిమధ్య కొట్టి కొలవకండి. అక్కడ అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. మీ స్టిక్ మామూలుగా ఎక్కడ పడుతుందో అక్కడే కొట్టండి. చాలా రోలండ్ మాడ్యూళ్లలో ఈ సెట్టింగ్ 1 నుంచి 32 దాకా ఉంటుంది. యమహా డీటీఎక్స్‌లో దీన్ని గెయిన్ అంటారు.

థ్రెషోల్డ్ గుమ్మం లాంటిది. దానికంటే చిన్న అదురు మాడ్యూల్ లోపలికి రాదు. ఘోస్ట్ నోటు అసలు వినిపించకపోతే మార్చాల్సింది దీన్నే. వినిపిస్తోంది కానీ మరీ చిన్నగా ఉందంటే థ్రెషోల్డ్ ఏమీ చేయలేదు. ఈ రెంటికీ తేడా తెలియకే చాలామంది తిప్పకూడనిది తిప్పుతుంటారు. ఘోస్ట్ నోట్లు వాయిస్తూనే థ్రెషోల్డ్ మెల్లగా పెంచండి. అవి ఎక్కడ మాయమవుతాయో చూసి, అక్కడినుంచి రెండు మెట్లు దించండి. మరీ దించితే కిక్ (కాలితో కొట్టే డ్రమ్) కొట్టినప్పుడు ప్యాడ్లు బిగించిన ర్యాక్ అదిరి స్నేర్ దానంతటదే మోగుతుంది. అలా జరిగితే థ్రెషోల్డ్ మళ్లీ పెంచేకంటే, స్నేర్ ప్యాడ్ క్రాస్‌టాక్ క్యాన్సిల్‌ను (వేరే ప్యాడ్ల అదురును పట్టించుకోకుండా చేసే సెట్టింగ్‌ను) కొంచెం పెంచడం మంచిది. లేకపోతే ఘోస్ట్ నోట్లూ పోతాయి. వీలైతే స్నేర్‌ను విడిగా ఒక స్టాండ్ మీద పెట్టండి, అసలు గొడవే ఉండదు.

పై కొస, కింది కొస కుదిరాక మధ్యలో అసంతృప్తి ఉంటేనే కర్వ్ జోలికి వెళ్లాలి. ఘోస్ట్ నోట్లు మరీ చిన్నగా ఉన్నాయంటే దానికి మందు ఇక్కడే ఉంది. రోలండ్ పేర్లలో చెప్పాలంటే, లాగ్ కర్వ్ పైకొసను కదపకుండా మెల్లని దెబ్బలను పైకి లేపుతుంది. ఎక్స్‌ప్ (EXP) కర్వ్ గట్టి దెబ్బల మధ్య తేడాను పెంచుతుంది. లౌడ్ కర్వ్‌లో ఎలా కొట్టినా పెద్దగా తేడా రాదు, సాధన చేసేవాళ్లకు అది వద్దనే చెబుతాను. నా స్నేర్ ఇప్పటికీ లీనియర్ (వంపు లేని, సూటి) కర్వ్ మీదే ఉంది. రైడ్ సింబల్‌కి మాత్రం లాగ్ 1 పెట్టుకున్నాను.

రీట్రిగర్ క్యాన్సిల్, మాస్క్ టైమ్ ఒక దెబ్బకి రెండు పలికినప్పటి సంగతి, ఈ సమస్యకు పనికిరావు. కిట్‌లో స్నేర్ వాల్యూమ్ పెంచితే అన్ని దెబ్బలూ కలిసి పెరుగుతాయి, అంతే.

కొత్త మెష్ హెడ్ మొదట్లో కాస్త సాగుతుంది. రెండు వారాలయ్యాక నేను బోల్టులు మళ్లీ బిగించి చూస్తే అంకెలు మారిపోయి ఉన్నాయి. సెన్సిటివిటీ ఒక మెట్టు మార్చాల్సి వచ్చింది. థ్రెషోల్డ్ ముట్టుకోలేదు.