న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కుటుంబంతో: మోటర్‌హోమ్ మేలా, కారు మేలా?

మేము ఆ దీవిని రెండుసార్లు చుట్టి వచ్చాం. మొదటిసారి మేమిద్దరం, పిల్లలిద్దరు. నాలుగు బెర్తుల మోటర్‌హోమ్, అంటే లోపలే వండుకుని పడుకునే బండి, తీసుకున్నాం. రెండోసారి అత్తయ్య, మామయ్య కూడా వచ్చారు కాబట్టి ఎనిమిది సీట్ల కారు తీసుకుని రాత్రుళ్లు మోటెళ్లలో ఉన్నాం. రెండుసార్లూ దారి ఒకటే. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్, హాస్ట్ కనుమ మీదుగా పశ్చిమ తీరం, చివరికి ఆర్థర్స్ పాస్ దాటి మళ్లీ క్రైస్ట్‌చర్చ్. ఏది తీసుకోవాలని అడిగేవాళ్లు ముందు అద్దెలు చెప్పమంటారు. నేను మాత్రం వెంట ఎవరెవరు వస్తున్నారని అడుగుతాను.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. గది ఖర్చు ఉండదు కాబట్టి మోటర్‌హోమ్ చవక అనుకుంటారు. డిసెంబరు, జనవరి అక్కడ వేసవి సెలవులు, అద్దెలు బాగా పెరిగిపోతాయి. డీజిల్ బండికి నడిపిన కిలోమీటర్లను బట్టి రోడ్ యూజర్ ఛార్జీ వేరే కట్టాలి. రాత్రికి డబ్బు కట్టి బండి ఆపుకునే హాలిడే పార్కుల్లో, కరెంటు కనెక్షన్ ఉన్న చోటుకు మనిషికింత అని తీసుకునేవి చాలా ఉన్నాయి. అన్నీ కలిపితే తేడా అనుకున్నంత మిగలదు. ఎక్కడ పడితే అక్కడ ఉచితంగా ఆపుకుని పడుకోవచ్చన్న మాట కూడా నమ్మకండి. 2023లో చట్టం మార్చారు. స్థానిక కౌన్సిల్ స్థలాల్లో అలా ఉండాలంటే, బండిలో బిగించిన టాయిలెట్ ఉండి, సెల్ఫ్ కంటైన్డ్, అంటే మురుగును బయట వదలకుండా తనలోనే ఉంచుకునే బండి, అని ధ్రువీకరణ ఉండాలి. దానిపైన ఒక్కో ఊరి నిబంధనలు వేరు. తప్పితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా పడొచ్చు.

అయినా మోటర్‌హోమ్ ఇచ్చిన ఒక ఉదయాన్ని నేను మర్చిపోలేను. పుకాకి సరస్సు పక్కగా మౌంట్ కుక్ గ్రామానికి వెళ్లే దారి ఎనభయ్యో నంబరు హైవే. హిమానీనదాలు రాళ్లను పిండిలా నూరి నీళ్లలో కలుపుతాయి, అందుకే ఆ సరస్సుది పాలు కలిపినట్టుండే నీలం. ఎదురుగా 3,724 మీటర్ల మౌంట్ కుక్ కొండ. గ్రామం దాటాక వైట్ హార్స్ హిల్ అని ప్రభుత్వ క్యాంప్‌సైట్ ఉంది, కరెంటు ఉండదు. రాత్రి అక్కడే పడుకున్నాం. హూకర్ వ్యాలీ నడకదారి అక్కడినుంచే మొదలవుతుంది. మిగతా కార్లు వచ్చేలోపే టీ తాగేసి పిల్లలతో నడక మొదలుపెట్టాం. ఆ గంటసేపు లోయంతా మాదే అనిపించింది. మోటెల్‌లో ఉండి ఉంటే పిల్లలను లేపి, సామాను సర్ది, తాళంచెవి ఇచ్చి వచ్చేసరికి పార్కింగ్ నిండిపోయేది.

ఇక కష్టాలు. రోజూ రాత్రి బల్ల దించి పరుపులు పరచాలి, పొద్దున్నే మళ్లీ బల్ల ఎత్తాలి. మూడోరోజుకే విసుగొచ్చింది. మురుగునీళ్లు, టాయిలెట్ డబ్బా డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయాలి, ఆ పని ఎవరిదో ముందే ఒప్పందం చేసుకోండి. అన్నిటికన్నా భారం డ్రైవర్‌ది. అక్కడా ఎడమవైపే నడపాలి, ఆ టెన్షన్ లేదు. కానీ పశ్చిమ తీరంలో ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు వరసగా వస్తాయి. బోర్డు మీద చిన్న ఎర్ర బాణం మనం వెళ్లే దిశను చూపిస్తే మనమే ఆగాలి. ఎత్తయిన బండిని గాలి పక్కకు నెడుతూంటే మావారు మెడ తిప్పి సరస్సు వైపు చూసింది లేదు. వనాకా నుంచి క్వీన్స్‌టౌన్‌కు క్రౌన్ రేంజ్ దగ్గరదారే అయినా వెయ్యి మీటర్లు దాటే ఎత్తు, నిటారు మలుపులు. పెద్ద బండితో క్రామ్‌వెల్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లడమే నయం.

రెండోసారి కారులో ఆయనా దారి చూశారు. మిల్‌ఫర్డ్ రోజు ఆ తేడా బాగా తెలిసింది. క్వీన్స్‌టౌన్ నుంచి ఒకవైపే దాదాపు 290 కిలోమీటర్లు. ఒకే రోజులో వెళ్లి రావడం పెద్దవాళ్లకు శిక్ష. మేము దారిలో తే అనావ్ అనే ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం, అక్కడినుంచి దాదాపు 120 కిలోమీటర్లే. 1954లో తెరిచిన హోమర్ సొరంగం దగ్గర సిగ్నల్ కోసం ఆగితే కియా అనే కొండ చిలకలు వచ్చి కారు రబ్బరు పీకడం మొదలుపెట్టాయి, మామయ్య చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. సాయంత్రం వేడినీళ్ల స్నానం, మంచం, వంటగది ఉన్న గది. మామయ్యకు రాత్రి రెండుసార్లు లేవాలి. మోటర్‌హోమ్‌లో అయితే నిద్రపోతున్న పిల్లల మధ్యలోంచి ఆ ఇరుకు టాయిలెట్‌కు వెళ్లాల్సి వచ్చేది, మొహమాటానికి నీళ్లు తాగడమే తగ్గించేసేవారు.

కారుకూ లోటుంది. ఎనిమిది సీట్లలో ఆరుగురు కూర్చుంటే వెనక సామానుకు చోటు చాలదు, మెత్తని సంచులే తీసుకెళ్లండి. వేసవి మోటెళ్లు ముందే బుక్ చేసుకోవాలి, ఆ తర్వాత వాన పడినా ప్రణాళిక మారదు. పశ్చిమ తీరంలో వాన పడుతూనే ఉంటుంది.

కాబట్టి నా మాట ఇది. తల్లిదండ్రులు, ఏడేళ్లు దాటిన పిల్లలు, పది రోజులకు మించి సమయం ఉంటే మోటర్‌హోమే. ఏడో పుట్టినరోజు దాకా పిల్లలకు చైల్డ్ సీటు అక్కడ తప్పనిసరి. మోటర్‌హోమ్‌లో దాన్ని బిగించగలిగే సీట్లు కొన్నే ఉంటాయి, బెర్తులు లెక్కపెట్టి మోసపోవద్దు. అరవై దాటినవాళ్లు వెంట ఉంటే మాత్రం ఇంకో ఆలోచన లేకుండా కారే.

మళ్లీ ఆరుగురం వెళ్తే కారే తీసుకుంటాం. టెకాపోలో మాత్రం మోటెల్ బదులు హాలిడే పార్క్‌లో క్యాబిన్ తీసుకుంటాను. ఆ ప్రాంతంలో రాత్రి ఆకాశాన్ని కాపాడటానికి దీపాలకు కట్టుబాట్లున్నాయి. తలుపు తీసి నాలుగడుగులు వేస్తే చాలు, అత్తయ్య శాలువా కప్పుకుని పాలపుంతను చూడొచ్చు.