ఆ పాత్రల కోర్సుకి డబ్బు కట్టేముందు ఒక్క నిమిషం ఆగండి

ఏ సారో పేరు చెప్పక్కర్లేదు. "మీ పాత్రలు కాగితం మీంచి లేచి నడుస్తాయి" అంటూ రోజూ మన ఫోన్లలో ప్రత్యక్షమయ్యే ఆయనే. కథల్లో పాత్రల్ని ఎలా రాయాలో ఎనిమిది వారాల క్లాసులు, చివర్లో మన కథని ఆయన స్వయంగా చదివి అభిప్రాయం చెప్తారట. ఆ చివరి ముక్క కోసమే కట్టాను. ఉత్త పాఠాలకైతే కట్టేదాన్ని కాదు, ఒట్టు.

మొదటి మూడు వారాలూ మన పాత్ర గురించి ఫారాలు నింపించారు. కళ్ల రంగు, ఇష్టమైన పువ్వు, చిన్నప్పటి ముద్దుపేరు, ఇలా నూటపాతిక ప్రశ్నలు. అన్నీ నింపాక పాస్‌పోర్టు దరఖాస్తుకి సరిపడా వివరాలు వచ్చాయి గానీ కథకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఈ మనిషికి ఏం కావాలి, దానికోసం ఎవర్ని బాధపెడతాడు, ఎవరికీ చెప్పకుండా ఏం దాస్తున్నాడు? ఆ నూటపాతికలో ఇవి లేవు. నాలుగో వారం "నా పదేళ్ల పరిశోధన" అంటూ ఒకటి బయటికి తీశారు. ఒక్క వాక్యంలో చెప్పేయగలిగితే ఫ్లాట్ పాత్ర, నమ్మేలా ఆశ్చర్యపరిస్తే రౌండ్ పాత్ర. సార్, అది ఇంగ్లిష్ నవలా రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో కేంబ్రిడ్జ్ ఉపన్యాసాల్లో చెప్పింది! అదే ఏడాది పుస్తకంగా కూడా వచ్చింది. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. నేనేమో రంగు పెన్నులతో నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను.

నా కథలో తాళాలు బాగుచేసే ముసలాయన ఉంటాడు. ఎలాంటి తాళమైనా రెండు నిమిషాల్లో తీస్తాడు. కూతురితో మాటల్లేవు. ఆమె గుమ్మం ముందు నిలబడి బెల్లు నొక్కలేక, జేబులో చెయ్యి పెట్టి పనిముట్లు తడుముకుంటాడు. ఆ పేరా పదకొండుసార్లు రాశాను. "ఆయన చాలా బాధపడ్డాడు" అన్న వాక్యం కొట్టేసి, జేబులో చెయ్యి ఒక్కటే ఉంచాను.

సారు అభిప్రాయం వచ్చింది. "మీ హీరోయిన్ బాగుంది. ప్రేమలో ఇంకాస్త టెన్షన్ పెంచండి."

ఏ హీరోయిన్? ఏ ప్రేమ? కూతుర్ని హీరోయిన్ అనుకున్నారేమోలే అని కాసేపు నేనే ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. తర్వాత నాతోపాటు చేరిన ఒకావిడని అడిగితే తనకొచ్చింది పంపింది. ఫుల్‌స్టాప్‌తో సహా అవే రెండు వాక్యాలు. ఆవిడ కథ ఆస్తి కోసం కొట్టుకునే అన్నదమ్ములది.

లైవ్ క్లాసులో మర్యాదగానే అడిగాను. "సార్, నా కథలో హీరోయిన్ ఎవరండీ?"

ఆయన గ్లాసెత్తి నీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టారు. నవ్వారు. "చూశారా, కొంతమందికి విమర్శ పడదు. రచయితకి ముందు వినడం రావాలి." నేను కథ పేరు చెప్పి, ఇందులో ఉన్నది ముసలాయన కదా అని మాట్లాడుతూనే ఉన్నాను. కాసేపటికి గానీ మైకు బొమ్మ మీద ఎర్రగీత కనపడలేదు. మ్యూట్ చేసేశారు. అంతసేపూ నా గది గోడలకి చెప్పుకున్నానన్నమాట. తెర మీద చప్పట్ల బొమ్మలు ఒకదాని వెనక ఒకటి తేలుతున్నాయి. ఒత్తిడి పడ్డప్పుడే పాత్ర అసలు రూపం బయటపడుతుందని రెండో వారంలో చెప్పింది ఈయనే. ఉదాహరణ ఇంత బాగా ఇస్తారనుకోలేదు.

డబ్బు వెనక్కి అడిగితే, ఒక్క వీడియో తెరిచినా రీఫండ్ లేదట. చీమతలకాయంత అక్షరాల్లో ముందే రాసి ఉంది, చదవని బుద్ధి నాది. రెండో మెయిల్‌కి "ప్రియమైన రచయితా, మీ కథ మాకు చాలా ముఖ్యం" అని మెషిన్ జవాబు వచ్చింది.

చేరాలనుకునేవాళ్లు పాత విద్యార్థికి ఇచ్చిన అభిప్రాయం ఒకటి, కథతో సహా చూపించమనండి. కథలోని ఒక్క వాక్యాన్నైనా పట్టుకుని మాట్లాడకపోతే కట్టకండి. రీఫండ్ షరతులు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆయన దగ్గర్నుంచి డబ్బు వెనక్కి రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా అడిగారో నాకు కాస్త చెప్పండి.