ఏసీ ఉంటే చాలు, హస్కీ కుక్క హాయిగా ఉంటుందనే మాట నమ్మి డబ్బు కట్టకండి

హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో ఉంటూ, ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉండి, కుక్కపిల్లను కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. మా అక్క వాళ్లకు జరిగింది ఇంకో కుటుంబానికి జరగకూడదనే రాస్తున్నాను.

అక్క వాళ్లది కొంపల్లి వైపు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఉంటారు. అక్కా బావా ఇద్దరూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతారు. ఇదంతా చెప్పే, మాకు ఏ బ్రీడ్ అయితే బాగుంటుందని అమ్మేవాణ్ణి అడిగారు. అతను ఒక్క ప్రశ్న కూడా తిరిగి అడగకుండా హస్కీ పిల్లను తెచ్చి పాప ఒళ్లో పెట్టాడు. "ఏసీ ఉంటే చాలు మేడమ్, పిల్లలతో చాలా ఫ్రెండ్లీ" అన్నాడు. ఆ వారం అతని దగ్గర అమ్మకానికి ఉన్నవి హస్కీ పిల్లలేనని తర్వాత తెలిసింది.

35 వేలు తీసుకున్నాడు. అరవై రోజుల పిల్ల అన్నాడు, మొదటి టీకా అయిపోయిందని కార్డు ఇచ్చాడు. తల్లిని చూపించమంటే ఫామ్‌లో ఉందన్నాడు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) ఇచ్చే జాతి పేపర్లు కొరియర్‌లో వస్తాయన్నాడు, ఇప్పటికీ రాలేదు.

వారం తిరగకుండానే పిల్ల తిండి మానేసింది. ముందు నురగలాంటి వాంతులు, మర్నాటికి ముక్కు మూసుకోవాల్సినంత కంపుతో రక్తం పడే మోషన్స్. టెస్టులో పార్వో అని తేలింది, అంటే కుక్కపిల్లల ప్రాణాలు తీసే వైరస్ జబ్బు. డాక్టరు పిల్ల నోరు తెరిచి చూపించారు. ఎనిమిది వారాలకల్లా పాలపళ్లు దాదాపు అన్నీ వచ్చేయాలి. దీనికి వెనక పళ్లు ఇంకా చిగురు దాటి బయటికే రాలేదు. ఐదు వారాల పిల్లనే అరవై రోజులదని అంటగట్టారన్నమాట. టీకా కార్డు చూస్తే పెన్నుతో రాసిన తేదీ తప్ప ఏమీ లేదు. వ్యాక్సిన్ సీసా మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉండే స్టిక్కరు ఉంటుంది, దాన్ని తీసి కార్డులో అంటిస్తారు. ఆ గడి ఖాళీ. డాక్టరు సంతకం లేదు, స్టాంపు లేదు.

పార్వో సోకాక లక్షణాలు కనపడటానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. అంటే చాలావరకు అమ్మినవాడి దగ్గర నుంచే వచ్చి ఉండాలి. ఫోన్ చేస్తే "మీరే ఏదో తినిపించి ఉంటారు" అని పెట్టేశాడు, ఆ తర్వాత నంబరు బ్లాక్ చేశాడు.

సెలైన్ల మీద పిల్ల బతికింది. అసలు కష్టం ఎండాకాలంలో మొదలైంది. హస్కీ సైబీరియాలో మంచు మీద బండ్లు లాగడానికి పెంచిన జాతి. ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమంతా అది బాత్రూమ్ టైల్స్ మీద పొట్ట ఆనించి, నాలుక వేలాడేసుకుని పడుకునేది. ఏసీ గదిలో పెడితే వేడి తగ్గుతుంది సరే, రోజూ బాగా పరుగెత్తాల్సిన కుక్క పడకగదిలో ఎక్కడ పరుగెత్తుతుంది? ఒంటరిగా ఉన్నప్పుడు ఊళ పెడితే అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ గొడవే. అత్తగారు బెల్టు పట్టుకుంటే మెట్ల మీద లాక్కెళ్లిపోతుంది. లాగడం దాని రక్తంలోనే ఉంది, దాన్ని ఏమనగలం?

2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు వేయించి, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే, గుర్తింపు నంబరుండే చిన్న చిప్) పెట్టించాకే అమ్మాలి. ముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. తల్లిని కళ్లారా చూడనిదే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. చిప్‌ను స్కానర్‌తో చదివించి, ఆ నంబరు పేపర్ల మీద ఉన్నదీ లేనిదీ సరిచూసుకోండి.

బ్రీడ్ విషయం అమ్మేవాడిని కాదు, మీకు దగ్గర్లోని వెటర్నరీ డాక్టర్ని అడగండి. ల్యాబ్రడార్ పిల్లలతో బాగా కలిసిపోతుంది, కానీ బొచ్చు బాగా రాలుతుంది, పెద్దయ్యాక దాన్ని పట్టి నడిపించే బలం మనకుండాలి. బీగిల్ చిన్నదే అయినా గొంతు పెద్దది. పగ్ ముక్కు అణిగి ఉంటుంది కాబట్టి అదీ ఎండకు ఆగలేదు. నన్నడిగితే మన వీధుల్లో పుట్టిన నాటు పిల్లను దత్తత తీసుకోవడం అన్నిటికన్నా మంచిది. పొట్టి బొచ్చు, ఈ ఎండలు అలవాటైన ఒళ్లు. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర అడిగితే దొరుకుతాయి. టీకాలు మాత్రం దానికీ తప్పవు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్క వాళ్లూ చేశారు. అక్కడ మొదట అడిగేది బిల్లే. అక్క దగ్గర ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తప్ప ఇంకేం లేదు. అందుకే బ్రీడ్, పుట్టిన తేదీ, చిప్ నంబరు, అమ్మినవాడి పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టిన బిల్లు చేతికి వచ్చాకే డబ్బు పంపండి. బిల్లు ఇవ్వనంటే పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా సరే, అక్కడ కొనకండి.