గోదావరి గట్టుకి ఏది మేలు: సిమెంటు మెట్లా, చెట్ల వాలా?

2027లో గోదావరి పుష్కరాలు. రాజమహేంద్రవరంలో గట్టు పనుల మాట మళ్లీ మొదలైంది కాబట్టి సిమెంటు మెట్లకీ, చెట్లు నాటిన ఏటవాలు మట్టిగట్టుకీ ఈ పోలిక.

జనం స్నానానికి దిగేచోట మెట్లకు సాటి లేదు. పెద్దవాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని దిగగలరు, వరద తగ్గాక మేట వేసిన ఒండ్రుని నీళ్లు కొట్టి కడిగేయొచ్చు. కార్తీకంలో అరటిదొప్పలో దీపం వదలడానికీ అవే కావాలి. చిక్కల్లా ఎండతోనే. ఏప్రిల్ మధ్యాహ్నం మా అమ్మ చెప్పులు విడిచి రెండు మెట్లు దిగి, అరికాళ్లు కాలి గబగబా వెనక్కొచ్చేసింది. చుట్టుపక్కల తలదాచుకోవడానికి ఒక్క చెట్టు లేదు.

చెట్ల వాలు సంగతి వేరు. ఏరుమద్ది పేరులోనే ఏరుంది. నీటి ఒడ్డే దాని చోటు. కానుగ కొన్నాళ్లు వరదలో నానినా తట్టుకుంటుంది. వాటి మధ్య వట్టివేరు నాటితే దాని వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. వాన నీరూ నేలలోకి ఇంకుతుంది. కాకపోతే మొదటి రెండు మూడేళ్లు మొక్కల్ని కంటికి రెప్పలా చూసుకోవాలి. వేళ్లు పట్టకముందే పెద్ద వరదొస్తే కొట్టుకుపోతాయి.

నన్నడిగితే ఉన్న ఘాట్లు చాలు. వాటినే బాగుచేసి, పై మెట్ల వెనక రావి, వేప నాటాలి. మిగతా గట్టంతా చెట్లకే వదిలేయాలి. పుష్కరాలు పన్నెండు రోజులే, ఎండాకాలం ఏటా వస్తుంది.