రైఫిల్ విప్పే కిట్ కొంటున్నారా? ముందు అయస్కాంతం పెట్టి చూడండి

ఇత్తడి పంచ్‌లంటూ (పిన్‌లను కొట్టి బయటికి తీసే కడ్డీలు) చౌకగా అమ్మే రైఫిల్ కిట్లతో జాగ్రత్త. పెట్టె విప్పగానే పంచ్‌కు అయస్కాంతం ఆనించండి. అంటుకుందంటే లోపల ఉన్నది ఇనుమే, ఇత్తడి పైపూత. పిన్ కొట్టేటప్పుడు అది ఒక్కసారి జారితే చాలు, రిసీవర్ (బోల్ట్ కదిలే ప్రధాన భాగం) మీద బ్లూయింగ్, అంటే తుప్పు పట్టకుండా ఉక్కుకు ఇచ్చే ముదురు రంగు పొర, గీరుకుపోయి తెల్లటి చార పడుతుంది. వాడకముందే చూసుకోండి, గీతలు పడ్డాక వెనక్కిస్తే మీరే పాడుచేశారంటారు.

అంతకన్నా ఎక్కువ చెరుపు చేసేది స్క్రూడ్రైవర్. మామూలు దాని కొన ఉలిలా ఏటవాలు. తుపాకీ స్క్రూ గాడి గోడలేమో నిటారు. కొన పైఅంచు దగ్గరే ఆనుతుంది, అడుగున పట్టు ఉండదు. బిగువు మీద తిప్పగానే పైకెక్కి జారుతుంది, గాడి అంచు చితికి లేస్తుంది. పెట్టె మీద 'గన్‌స్మిత్ బిట్' అని ఉన్నా నమ్మకండి. కొనను పక్కనుంచి వెలుతురుకు పట్టి చూడండి: చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి.

ఈ రెండూ ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత గట్టి స్క్రూడ్రైవర్ కొనను గ్రైండర్ చక్రపు గుండ్రటి అంచుకు ఆనించి, రెండు పక్కలా సమంగా అరగదీయాలి. రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచండి. నీలం తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, బిగువు రాగానే మెలి తిరుగుతుంది. గాడిలో పెట్టి ఊపితే కదలకూడదు, వెడల్పు స్క్రూ తల దాటకూడదు.

పంచ్‌కు 6 మి.మీ. ఇత్తడి కడ్డీ 100 మి.మీ. కోసి, కొనను ఆకురాయితో చదును చేస్తే సరి. కొట్టగా కొట్టగా పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, మళ్లీ అరగదీయండి. 3 మి.మీ. కన్నా సన్న పిన్‌లకు ఇత్తడి వంగుతుంది, ఉక్కుదే కావాలి. రోల్ పిన్‌కైతే (రేకును గొట్టంలా చుట్టిన బోలు పిన్) కొన మధ్య బొడిపె ఉన్న పంచ్ కొనుక్కోండి; చదును కొన పిన్ నోటిని లోపలికి మడిచేస్తుంది. ఏది విప్పేముందైనా మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి వేలితోనూ తడమండి.

బ్యారెల్ శుభ్రం చేయడానికి కిట్‌లో ఇచ్చే మూడు ముక్కల అల్యూమినియం రాడ్ సంగతి: అతుకుల మీద గోరు తగిలితే బ్యారెల్‌కూ తగులుతుంది. పైగా మెత్తని లోహంలో ఇసుక రేణువులు దిగి గరుకు కాగితంలా రుద్దుతాయి. పూత ఉన్న ఒకే ముక్క ఉక్కు రాడ్ తీసుకుని, వీలైతే ఛాంబర్ వైపునుంచే తోయండి. స్టీల్ బ్రష్ పారేయండి. ఇత్తడి జాగ్‌తో (గుడ్డముక్కను పట్టి ఉంచే రాడ్ కొన) రాగిని కరిగించే అమ్మోనియా సాల్వెంట్ వాడితే గుడ్డముక్క ప్రతిసారీ నీలంగానే వస్తుంది. ఆ రంగు జాగ్‌ది, బ్యారెల్‌లో బుల్లెట్ల రాగి మిగిలిందనుకుని రుద్దుతూనే ఉంటారు. దానికి ప్లాస్టిక్ జాగ్ వాడండి.